రోగులు లేని ఆసుపత్రి

టెలివిజన్ హాస్య కార్యక్రమాలలో తెర వెనుక నుండి వినిపించే నవ్వులంటే మాకు మొదటినుండీ చిరాకు. నవ్వవలసిన చోటును మనకు మరొకరు చూపాలా? బ్రిటిష్ ధారావాహిక ‘ఎస్ మినిస్టర్’లోనూ ఆ నవ్వులున్నాయి. అయితే అక్కడ మన నవ్వు వాటికంటే ముందే బయలుదేరుతుంది.

ఆంటొనీ జే, జొనాథన్ లిన్ రచించిన ఈ ధారావాహిక 1980లో బి.బి.సి. రెండవ ఛానెల్‌లో ఆరంభమైంది. మంత్రి జిమ్ హ్యాకర్‌గా పాల్ ఎడింగ్టన్, శాఖ కార్యదర్శి సర్ హంఫ్రీగా నైజెల్ హాథోర్న్ నటించారు. 2001లో ఫారూఖ్ షేక్ మంత్రి పాత్ర ధరించగా ‘జీ మంత్రీజీ’ పేరుతో హిందీలోనూ వచ్చింది కనుక పాఠకులలో కొందరికి ఇది పరిచితమే. అన్ని భాగాలలోనూ మాకు మిక్కిలి ఇష్టమైనది 1981 ఫిబ్రవరిలో ప్రసారమైన ‘ది కంపాషనేట్ సొసైటీ’.

సెయింట్ ఎడ్వర్డ్స్ అనే కొత్త ఆసుపత్రి. అది ప్రారంభమై 15 నెలలయింది. పరిపాలనా సిబ్బంది, సహాయక సిబ్బంది కలిసి 500 మంది. వైద్య సేవలకు మాత్రం నిధులు మిగలలేదు. అందుచేత వైద్యులు లేరు, నర్సులు లేరు, రోగులూ లేరు. ఈ సంగతి తెలిసి నివ్వెరపోయిన మంత్రి స్వయంగా చూడబోతాడు. పరిపాలనాధికారిణి మిసెస్ రోజర్స్ ఆయనను వెంటబెట్టుకొని ఖాళీ వార్డులు, అద్దంలా మెరిసే శస్త్రచికిత్సాగది చూపిస్తుంది. పరిశుభ్రతకు ఇచ్చే పురస్కారానికి తమ ఆసుపత్రి పోటీలో ఉందని సగర్వంగా చెబుతుంది. సిబ్బంది విభాగం, ఆర్థిక విభాగం, కొనుగోళ్లు, నిర్వహణ, ఆపత్సమయ ప్రణాళిక... ఏ విభాగంలోనూ ఎవరికీ క్షణం తీరిక లేదు! యుద్ధం లేదని సైన్యాన్ని రద్దు చేస్తామా అని సర్ హంఫ్రీ వాదం. ఆ వాదంలో తప్పెక్కడుందో, నిజం చెప్పాలంటే, మాకు వెంటనే తోచలేదు.

ఈ భాగానికి ప్రాణం మంత్రీ కాదు, కార్యదర్శీ కాదు, మిసెస్ రోజర్స్. ఆమె సోమరి కాదు, అవినీతిపరురాలు అసలే కాదు. ఉదయం నుండి సాయంత్రం వరకు చిత్తశుద్ధితో శ్రమించే మనిషి. ఆమెను చూసి నవ్వుతున్నంతసేపూ ఈమెను ఎక్కడో చూశామే అనిపిస్తూనే ఉంటుంది.

ఒక్క విషయంలో రచయితలతో మాకు పేచీ ఉంది. సమ్మె బెదిరింపుతో వచ్చే కార్మిక నాయకుణ్ణి వారు మరీ తేలికగా నవ్వులపాలు చేశారు. 500 ఉద్యోగాలంటే 500 కుటుంబాలు. నెల జీతం మీద బ్రతికే మనవంటి వారికి అది నవ్వులాట కాదు. చివరకు క్యూబా శరణార్థులకు ఆ ఆసుపత్రిలో బస కల్పించడంతో మంత్రి పరువూ, వారి ఉద్యోగాలూ నిలుస్తాయి. అక్కడ మేము మనసారా ఊపిరి పీల్చుకున్నాం.

మిసెస్ రోజర్స్‌ను ఎక్కడ చూశామో కొన్నాళ్లకు గుర్తుకు వచ్చింది. చాలాకాలం క్రిందట మేము పనిచేసిన ఒక కార్యాలయం నుండి ప్రతి నెలా ఐదవ తేదీలోగా ఒక రిటర్ను పంపవలసి ఉండేది. ఏ యంత్రం కోసం ఆ రిటర్ను పుట్టిందో, ఆ యంత్రం పాత ఇనుము క్రింద వేలంలో పోయి ఏళ్లయింది. గళ్లు మాత్రం మిగిలాయి. ప్రతి గడిలోనూ ‘నిల్’ అని వ్రాసి, మూడు ప్రతులు తీసి, సంతకం చేసి పంపేవాళ్లం. ఒక్క గీత వంకర పోయినా కాగితం మార్చేవాళ్లం. ఒక నెల జ్వరంతో మంచం పట్టి పంపలేకపోయాం. ఎవరూ అడగలేదు. రిమైండరు కూడా రాలేదు.

మరుసటి నెల రెండు రిటర్నులూ కలిపి, ఆలస్యానికి మన్నించవలసిందిగా కోరుతూ, రిజిస్టర్డ్ పోస్టులో పంపించాం.