నీటిలోని ఫ్లోరైడు: సంఘములు వహింపవలసిన భారము

మెట్టప్రాంతములలో బోరునీరు కంటికి నిర్మలముగనే యుండును. అట్టి నీటియందే ఫ్లోరైడు దాగియుండవచ్చును. దానికి రంగు లేదు, వాసన లేదు. కాచినను పోదు, నీరు ఇగిరినకొలది మఱింత చిక్కనగును. ఎదుగు పిల్లల పండ్లపై మచ్చలు, పెద్దల కీళ్లయందు బిగువు, వంగిన వెన్నెముక దాని గుర్తులు. వంగిన యెముకను మరల సరిచేయు మందు లేదు. రాకుండ కాచుకొనుటయే మార్గము.

ఈ వ్యాధి నాటి మద్రాసు రాజధానిలోని నెల్లూరు జిల్లాయందున్నట్లు 1937లోనే వైద్యులు వెల్లడించిరి. లీటరునకు 1 మిల్లీగ్రాము మించకుండుట మేలనియు, వేఱు నీరు దొరకనిచో 1.5 వఱకు సహింపవచ్చుననియు నేటి భారతీయ ప్రమాణము. నల్గొండ పల్లె లనేకములకు నేడు గొట్టములద్వారా కృష్ణాజలములు వచ్చుచున్నవి, సంతోషము. కాని నాట్లనాడు, కోతలనాడు పొలమున కూలివారు త్రాగునది మోటారునీరే గదా!

ఫ్లోరైడును పట్టు పదార్థములు లేకపోలేదు. అందు ఉత్తేజిత అల్యూమినా ప్రసిద్ధమైనది. అమోనియం సల్ఫేటు వేసినపుడు నల్లరేగడి అమోనియాను తన రేణువుల పైభాగమున పట్టియుంచుటయు, ఇసుకనేల దానిని విడిచివేయుటయు రైతులెఱిగినదే. అల్యూమినా గుళికలును అట్లే నీటినుండి ఫ్లోరైడును తమ పైభాగమున పట్టుకొనును. దీనినే అధిశోషణమందురు. సామాన్యమైన బొగ్గు వాసనను, రంగును తీసివేయునే గాని ఫ్లోరైడును అంతగా పట్టజాలదు.

అయితే గుళికలయందలి చోటు పరిమితము. అది నిండినపిమ్మట నీరు మునుపటివలెనే ధారగా వచ్చును గాని ఫ్లోరైడుతోనే వచ్చును. త్రాగువానికి ఆ భేదము తెలియదు. కావున గుళికలను కాస్టిక్ సోడాతో కడిగి, పలుచని ఆమ్లముతో సరిచేసి మరల వాడవలయును. ఈ పని చేయువారు లేకయే, మొదటి యేడు ఉత్సవముతో నిలిపిన యంత్రములు పెక్కుచోట్ల మూలబడినవి.

శాస్త్రజ్ఞులు బంకమన్నుతోను, ఎముకల బొగ్గుతోను, ఇనుప ఆక్సైడులతోను క్రొత్త పదార్థములను సిద్ధపఱచుచున్నారు. వారి కృషి కొనియాడదగినది. కాని పదార్థమునకు వెల కట్టునపుడు మనము మూడు ప్రశ్నలడుగవలయును. ఎన్ని బిందెల నీటికి పనిచేయును? దేనితో కడుగవలయును? కడిగిన నీ రెచ్చట పోయవలయును? ఆ కడుగునీటియందు ఫ్లోరైడు మిక్కుటముగా నుండును. దానిని బావిచెంతగాని చెఱువునగాని పోయుట విషమును మరల పిలుచుటయే.

ఈ భారము ఒక్క యిల్లు మోయజాలదు, సంఘము మోయగలదు. ఎరువుల కొట్టును నడపగలిగిన సంఘము గుళికలను నిలువచేసి, నిండినవానిని పుచ్చుకొని కడిగినవాని నీయలేదా? సభ్యుల బోరులన్నిటిని పరీక్షింపించి, వడపోతకు ముందు, తరువాత గల లెక్కలను పుస్తకమున వ్రాయింపవలయును. కడుగు పని శిక్షణ పొందినవాని చేతనే, ఒక్కచోటనే జరుగవలయును.

మొలక చూడక విత్తనము కొనని రైతు పరీక్షింపని నీటిని బిడ్డకు త్రాగించుట తగునా? వచ్చు సర్వసభ్య సమావేశమున ఈ విషయము చర్చకు తెచ్చి తీర్మానము చేయుదురని మేము కోరుచున్నాము.