కుందేటి తల్లి తరఫున ఒక విన్నపము

హైదరాబాదు నుండి విజయవాడకు పోవు రహదారిపై నార్కట్‌పల్లి దాటి నకిరేకల్ చేరకమున్నే తగులు ఊరు మా కట్టంగూర్. చుట్టును ఎఱ్ఱ చెలకలు, నడుమ నడుమ బండగుట్టలు, గట్ల వెంబడి తాళ్లు, పొద్దు వాలువేళ మందలతో ఇండ్లకు మరలు గొల్లలు. ఇట్టి చోట మేకగాని గొఱ్ఱెగాని ఈనినప్పుడు తల్లి తన పిల్లను నాకి నాకి నిలువబెట్టుటయు, పిల్ల తడబడుచు పొదుగు వెదకికొనుటయు, మందలోని నూఱు అఱపుల నడుమ ఒకదాని గొంతు నొకటి గుఱుతుపట్టుటయు చూడని బాలుడుండడు. తల్లి యన్నచో పిల్లను విడువని దను తలంపు మాకు ఈ మందల వెనుక నడచుచునే కలిగినది. ఆ తలంపుతోనే మేము కుందేటిని చూచితిమి. చూచి, తప్పు తీర్పు చెప్పితిమి. ఆ తీర్పునకు కూనలు బలియైనవి గనుక ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

మా దొడ్డిగోడకు ఆవలి ఇంటివారు కొన్నేండ్ల క్రిందట పిల్లల ముచ్చట తీర్చుటకై పట్నమునుండి ఒక జత తెల్లకుందేళ్లను తెచ్చిరి. ఏడాది తిరుగునప్పటికి ఆ జత ఎనిమిదైనది: పోతులు రెండు, పెంటులు ఆఱు. నాలుగువైపుల గోడ యున్నది గదా యని వాని నన్నిటిని దొడ్డిలో కలిపియే విడిచిరి. ఒకనాటి సాయంకాలము ఆ పెంటులలో నొకటి గడ్డివాము మొదటినుండి వరిగడ్డిని నోటినిండ కఱచుకొని, అది ఇరుప్రక్కల మీసములవలె వ్రేలాడుచుండగా, వేపచెట్టు వేళ్ల నడుమ తాను త్రవ్వుకొన్న బొరియలోనికి పోవుటయు, వట్టినోటితో వెలికివచ్చి మఱల వామువైపు పరుగిడుటయు చూచి మేమందఱము ముచ్చటపడితిమి. చీకటి పడువేళకు అది తన మెడక్రింది బొచ్చును, పొట్టమీది బొచ్చును పండ్లతో పెఱికి లోనికి మోయసాగెను. తెల్లవాఱి చూచునప్పటికి బొరియలో దోసెడు తెల్లబొచ్చు తప్ప వేఱేమియు కానరాలేదు. నిదానించి చూడగా ఆ బొచ్చు ఊపిరితో లేచుచు పడుచున్నది.

ఆ యింటి చిన్నది కేక వేసినది. వాడకట్టంతయు వచ్చి వంగి చూచినది. తల్లి మాత్రము దొడ్డిమూలనున్న బండిక్రింద కూర్చుండి గడ్డి నములుచు ఆ వైపునకు కన్నెత్తియైనను చూడలేదు. మధ్యాహ్నమైనది, పొద్దు గుంకినది, అది కదలలేదు. ఇల్లాలు నన్ను పిలిచి, “గిదేం తల్లి సారూ! పొద్దుగాల సంది పిల్లల మొకమే సూడలే. గిట్లనే ఇడిసిపెడ్తే సచ్చిపోవా?” అని అడిగినది. బడిపంతులుగా బ్రదుకంతయు గడపినవాడను. తెలియదనుటకు నోరు రాలేదు. ఆవుపాలు వెచ్చచేసి దూదివత్తితో పట్టుమంటిని. ఏడు కూనలలో ఒకటియు మూడవనాడు దాటలేదు.

తల్లి చేసిన తప్పేమియు లేదని నాకు తెలిసినది ఆ తరువాత చదువగా, పెంచినవారి నడుగగా. కుందేటి తల్లి తన కూనలకు దినమున కొక్కమాఱే పాలిచ్చును. అదియు మూడు నాలుగు నిమిషములు మాత్రమే. సాధారణముగా రాత్రివేళనో, తెల్లవాఱుజామునో. జారో, డెనెన్‌బర్గ్, ఆండర్సన్ అను శాస్త్రజ్ఞులు 1965లో ‘సైన్స్’ పత్రికలో ఈ సంగతిని ప్రకటించిరి. తక్కిన కాలమంతయు తల్లి గూటికి దూరముగనే మెలగును. ఇది కఠినత్వము కాదు. మనము పెంచు తెల్లకుందేళ్ల పూర్వులు స్పెయిను పోర్చుగల్ దేశముల నేలలో బొరియలు త్రవ్వుకొని బ్రదికినవి. నక్కయు ముంగిసజాతి మృగములును వాసనపట్టి వచ్చు నేలలో తల్లి మాటిమాటికి పిల్లలకడకు పోవుట శత్రువునకు త్రోవ చూపుటయే యగును. కావున ఆ తల్లి తఱచు తన జాతి గుంపునకు దూరముగా పొట్టి బొరియ నొకటి త్రవ్వి, అందు ఈని, పాలిచ్చి వెలువడిన ప్రతిమాఱును ముంగాళ్లతో మన్ను లాగి దాని నోరు పూడ్చిపోవును. వేల్స్ దేశపు ప్రకృతిపరిశీలకుడు రొనాల్డ్ లాక్లీ ఏండ్లతరబడి కుందేళ్ల నడుమ గడపి 1964లో ప్రకటించిన ‘ద ప్రైవేట్ లైఫ్ ఆఫ్ ద రాబిట్’ అను గ్రంథమున ఈ జాతి బొరియల బ్రదుకు విపులముగా వర్ణింపబడినది. ఆ దొడ్డిలోని తల్లి బండిక్రింద కూర్చుండి అటు చూడకుండుటయు అది తన పిల్లలపై కప్పిన మన్నువంటిదే.

ఇక కూనల సంగతి వినుడు. పుట్టినప్పుడు వాని తూకము 40 మొదలు 60 గ్రాములవఱకు. ఒంటిపై వెండ్రుక లేదు, కన్నులు తెఱువలేదు, చెవులు వినవు. ఐనను తల్లి వచ్చు గడియ వానికి తెలియును. ఇంచుమించు గంటముందే అవి బొచ్చును త్రోసికొని పైకి వచ్చి సిద్ధముగా నుండును. తల్లి వచ్చి వానిపై నిలుచును. పండుకొనదు, నాకి పిలువదు, మూతితో దారి చూపదు. చనుమొనలనుండి వెడలు పరిమళమొకటి వానికి దారి చూపును. బెనువా షాల్ మొదలగు ఫ్రెంచి శాస్త్రజ్ఞులు ఆ పరిమళద్రవ్యమును గుర్తించి 2003లో ‘నేచర్’ పత్రికలో వెల్లడించిరి. ఆ కొద్ది నిమిషములలోనే కూన తన తూకములో నాలుగవవంతువఱకు పాలు త్రాగగలదు. తల్లి ఎగిరి వెలుపలికి దూకిన పిమ్మట కూనలన్నియు మూత్రము విడిచి, మఱల బొచ్చులోనికి దూఱి, ఒకదాని వెచ్చదనము నొకటి పంచుకొనుచు మఱునాటివఱకు కదలక పడియుండును.

వాని పొట్ట చర్మము ఎంత పలుచన యనగా, త్రాగిన పాలు లోపల తెల్లగా కానవచ్చును. కడుపు గుండ్రముగా నిండి, చర్మము నునుపుగా ఉన్నచో తల్లి వచ్చిపోయినదనియు, ముడుతలు పడి పొట్ట లోపలికి పోయినచో రాలేదనియు ఎఱుగవలెను. ఆనాటి ఉదయమున ఆ యేడు పొట్టలును గుండ్రముగా, తెల్లగా ఉండుట నాకిప్పుడు జ్ఞప్తికి వచ్చుచున్నది. చూచితిని గాని చదువలేకపోతిని. కడుపునిండియున్న పసికూనలకు ఆవుపాలు పట్టించితిని. కుందేటిపాలలో వెన్నయు మాంసకృత్తులును ఆవుపాలలో కంటె సుమారు మూడింతలుండును. పైగా వత్తితో పిండిన పాలు గొంతు దిగుటకు మాఱు ఊపిరితిత్తులలోనికి పోవుట తఱచు.

ఈ పొరపాటునకు మన భాషయు కొంత కారణమేమో యని నాకు తోచును. చెలకలలో చీకటిపడువేళ ఎగిరిపోవు అడవి చెవులపిల్లిని, పంజరములోని తెల్లదానిని మనము ఒకే పేరున కుందేలనియే పిలుతుము. చెవులపిల్లి బొరియ త్రవ్వదు, గడ్డిపొదలో ఈనును, దాని పిల్ల బొచ్చుతో, తెఱచిన కన్నులతో పుట్టును. దానిని పట్టుట 1972 నాటి వన్యప్రాణిసంరక్షణ చట్టము ప్రకారము నేరము, అడవిలోనే యుండనిండు. కాని పొదలో అట్టి పిల్లను చూచిన పెద్దలు పెంపుడుకుందేటి గ్రుడ్డికూనలను చూచి “ఇవి నెలలు నిండక పుట్టినవి, బ్రదుకవు” అని తేల్చివేయుట నేను విన్నాను. తాము పట్టిన కుందేటికి మూడే కాళ్లను పట్టుదల ఇక్కడ నిజముగా ప్రాణములు తీయుచున్నది. గర్భకాలము 30 మొదలు 32 దినములు. కూనలు గ్రుడ్డివిగా పుట్టుటయే వాని సహజధర్మము. కన్నులు పదవదినమునకు తెఱచుకొనును.

ఇంతవఱకు చెప్పినది ఒక తల్లి మాట. అనేక తల్లులను ఒకే దొడ్డిలో ఉంచినప్పుడు వచ్చు చిక్కులు వేఱు; నా అసలు విన్నపము వానిని గూర్చియే. కలిసి బ్రదుకుట కుందేళ్లకు కొత్త కాదు. కాని నేలలోని గుంపున పెంటుల నడుమ ఎక్కువతక్కువ లుండును. బలము గలది నడుమనున్న మంచి బొరియను పట్టుకొనును. బలహీనమైనది ప్రక్కకు తొలగి దూరమున త్రవ్వుకొనును. ఆ దూరమే దాని కూనలకు రక్ష. మన దొడ్డిగోడ ఆ దూరమును హరించును. అప్పుడొక పెంటి ఈనిన గూటిలోనికి చూలుతో నున్న మఱియొకటి చొచ్చి, గడ్డి బొచ్చు వెలికి లాగి, తనకు గూడు కట్టుకొన నారంభించును. కూనలు త్రొక్కుడుపడును, వెలికి చిమ్మబడును, పరాయి తల్లి కాటునకు చచ్చుటయు కలదు. రెండు ఈతల కూనలు ఒకే గూట కలిసినచో ముందుపుట్టినవి బలిసి, వెనుకపుట్టిన వానికి చన్ను దక్కనీయవు. ఇక పోతు ప్రక్కనే యున్నచో తల్లి ఈనిన కొన్ని గంటలలోనే మఱల చూలు కట్టును. ఒక ఈత పాలు త్రాగుచుండగనే మఱియొక ఈత కడుపులో పెరుగును. ఇట్లు ఎడతెగక ఈని ఈని ఎముకలు తేలిన తల్లిని “మస్తుగ ఈనుతది” అని మెచ్చుకొనుట విన్నప్పుడెల్ల నాకు మనసు కలుక్కుమనును.

“కుందేలు తన పిల్లలను తానే తినును” అను నింద యొకటి కలదు. మావి తినుట తల్లికి సహజము. చచ్చిపుట్టిన కూనను దానితోపాటు మ్రింగుటయు కలదు. బ్రదికినదానిని కఱచుట జరిగినచో, ఈనువేళ గిన్నెలో నీళ్లు లేకుండెనా, కుక్క బెదరించెనా, జనము మూగిరా, తొలిచూలు తల్లియా అని ముందు విచారింపవలెను. మనుష్యుని చేయి తగిలిన కూనను తల్లి విడుచుననుట వట్టిమాట; పెంపకందారులు తొలి రెండు మూడు దినములలో ఎక్కువ కూనలున్న తల్లికడనుండి తక్కువ యున్న తల్లికడకు మార్చుచునే యుందురు. చేయి తగులుటవలన కీడు లేదు. దినమెల్ల తొంగిచూచుటవలన కీడు కలదు.

మఱియొక మాట. పిల్లిగాని కుక్కగాని జాఱిపోయిన కూనను నోట కఱచుకొని తెచ్చుకొనును. కుందేలు తెచ్చుకొనదు. చనుమొనను విడువక వ్రేలాడుచు వెలుపలికి ఈడ్వబడిన కూన జానెడు దూరమున చలికి కొయ్యబాఱుచున్నను తల్లి దానిని దాటి పోవును. భూగర్భపు బొరియలో కూన జాఱిపోవుటకు తావే లేదు గనుక తెచ్చుకొను నేర్పు ఆ జాతికి కలుగలేదు. అట్టి కూనను మన అఱచేతుల నడుమ వెచ్చబఱచి గూటిలో పెట్టుట మన పని. గూటిపెట్టె గడప జానెడు ఎత్తుండవలెననుట ఇందులకే.

కుందేళ్లను ఇనుపతీగల పంజరములలో ఒంటరిగా బంధింపుడని నేను చెప్పుట లేదు. తిరుగుటకు తావులేని పంజరము తల్లికి మఱియొక హింస. కలిపి పెంచువారు దొడ్డి నుంచుకొననిండు. కాని చూలు పెంటి యొక్కొక్కదానికి ఒక్కొక్క చీకటిగూడు ఈయవలెను. దాటిననాటినుండి 27, 28 దినములు లెక్కించి ఆ పెంటిని దడి కట్టిన మూలకు మార్చవలెను. ఈనిన పిదప పది పండ్రెండు దినములవఱకు తక్కిన వానిని ఆ దడి దాటనీయరాదు. పోతులను, దాటించునప్పుడు తప్ప, ఎల్లప్పుడు వేఱుగా ఉంచవలెను. గూటిప్రక్క వరిగడ్డియు, గిన్నెనిండ నీళ్లును ఉంచి, ప్రొద్దున నొక్కమాఱు పొట్టలు చూచి, చచ్చిన దున్నచో తీసివేసి, వెడలిపోవలెను.

మా వైపున ఎండ వేఱొక శత్రువు. వైశాఖజ్యేష్ఠములలో ఉష్ణము 44, 45 డిగ్రీలకెక్కును. కుందేటికి చెమట పట్టదు. చెవులే దాని విసనకఱ్ఱలు. రేకులకప్పు క్రింది చెక్కపెట్టెలో ఆ దినములలో కూనలు ఉడికిపోవును. ఈజిప్టు ట్యునీషియా వంటి ఎండదేశములవారు గూటిని నేలలోనికి దింపి ఈ చిక్కు తీర్చుకొనిరి. మనకు కుమ్మరివాడ దూరము కాదు. నోరు జానెడు వెడల్పు గల పెద్ద కుండను చెట్టునీడన వాలుగా పడుకోబెట్టి, వాననీరు చొరకుండ గట్టుపోసి, పైన అడుగుమందము మన్ను కప్పి, ఎండవేళ తడి గోనెపట్ట పఱచినచో చాలును.

జతలుగా అమ్మువారు ఈ సంగతులలో ఒక్కటియు చెప్పరు. చెప్పవలసిన బాధ్యత ఉన్నదని వారును అనుకొనరు, కొనువారును అడుగరు. రాజేంద్రనగరులోని పి.వి. నరసింహారావు తెలంగాణ పశువైద్య విశ్వవిద్యాలయమువారు, మా దిక్కున కంపసాగరు, గడ్డిపల్లి కృషివిజ్ఞానకేంద్రములవారు తలచినచో ఒక్క కాగితమున పట్టు ఈ మాటలను తేటతెలుగున అచ్చువేసి ప్రతి పశువైద్యశాల గోడకు అంటింపగలరు. మేకను గూర్చి, బఱ్ఱెను గూర్చి మన రైతునకు తాతలు చెప్పిపోయిరి. కుందేటిని గూర్చి చెప్పిన తాత లేడు. అది మన వాకిటికి నిన్న మొన్న వచ్చిన చుట్టము.

ఆవలి ఇంటి దొడ్డిలో ఇప్పుడు నాలుగు కుండలు మన్నులో ఒరిగియున్నవి. నడుమ తాటిమట్టల దడులు, వాని అడుగున త్రవ్వకుండ బండలు. ఆనాడు కేక వేసిన చిన్నది ఇప్పుడు ఆఱవ తరగతి. ప్రతి కుండ మూతిప్రక్కన పలకపెంకు గ్రుచ్చి, దానిపై సుద్దతో దాటిన తేదీయు, ఈనవలసిన తేదీయు వ్రాసియుంచినది. మొన్న తెల్లవాఱుజామున నన్ను గోడమీదుగా మెల్లగా పిలిచి, “సారూ, సప్పుడు జేయకుండ్రి” అని వ్రేలితో చూపినది. మూడవ కుండనుండి తల్లి వెలువడి, వెనుకకు తిరిగి, ముంగాళ్లతో మన్నును గడ్డిని లాగి లాగి కుండనోటికి అడ్డము పోసి, రెండుమాఱులు గడ్డముతో అదిమి, దడి ఆవలి చివరకు పోయి కూర్చుండి, అటు చూడక గడ్డి నమలసాగెను.