కొవ్వు పరీక్ష ఊళ్లోనే జరగాలి

నలభై దాటిన ప్రతి మనిషికీ బీపీ, షుగర్‌తో పాటు రక్తంలో కొవ్వు ఎంతుందో సొంత ఊళ్లోనే, పైసా ఖర్చు లేకుండా చూడాలి. ఎక్కువుంటే మాత్ర కూడా అక్కడే ఇవ్వాలి. మార్కాపురం, గిద్దలూరు, యర్రగొండపాలెం, కనిగిరి ప్రాంతాల్లో ఈ పని ఇప్పటికే ఆలస్యమైంది. కొలెస్టరాల్ అనగానే ఇన్నాళ్లూ మనకు గుండెపోటే గుర్తొచ్చేది. నడివయసులో పెరిగిన చెడు కొవ్వు ముసలితనంలో మతికి కూడా ముప్పు తెస్తుందని వైద్య పత్రిక లాన్సెట్ నియమించిన కమిషన్ 2024 జూలైలో ప్రకటించింది.

మతిని తినేసే డిమెన్షియా జబ్బుకు, మనిషి ప్రయత్నిస్తే తగ్గించుకోగల కారణాలు 14 అని ఆ కమిషన్ లెక్కగట్టింది. అన్నింటినీ అదుపులో పెట్టగలిగితే 45 శాతం కేసులను ఆపడమో, కొన్నేళ్లు వాయిదా వేయడమో సాధ్యమని చెప్పింది. ఆ జాబితాలో కొత్తగా చేరినవి రెండు. ఒకటి నడివయసులో ఎల్‌డీఎల్, అంటే చెడు కొవ్వు. రెండోది వైద్యం అందని చూపు లోపం. ఎల్‌డీఎల్ వాటా 7 శాతం. వినికిడి లోపం వాటా కూడా అంతే, మిగతావన్నీ వీటి తర్వాతే. 65 ఏళ్ల లోపువారు పది లక్షలకు పైగా ఉన్న అధ్యయనాలను కలిపి చూస్తే, డెసిలీటరు రక్తంలో ఎల్‌డీఎల్ సుమారు 39 మిల్లీగ్రాములు పెరిగినప్పుడల్లా డిమెన్షియా ముప్పు 8 శాతం పెరిగింది.

రక్తంలోని కొలెస్టరాల్ నేరుగా మెదడులోకి పోదు. తనకు కావలసినది మెదడు తానే తయారు చేసుకుంటుంది. అయినా ముప్పు ఉంది, ఎందుకంటే మెదడుకు రక్తం మోసే నాళాలకు ఆ రక్షణ లేదు. వాటి గోడలకు కొవ్వు పేరుకుంటే పెద్ద నాళం మూసుకుపోయి పక్షవాతం వస్తుంది. సన్న నాళాలు పూడితే పైకి ఏమీ కనిపించదు. లోపల మాత్రం చిన్నచిన్న దెబ్బలు ఏళ్ల తరబడి తగులుతూనే ఉంటాయి. హైదరాబాద్ నిమ్స్ మెమరీ క్లినిక్‌కు వచ్చిన డిమెన్షియా రోగులను డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం పరిశీలించినప్పుడు, దాదాపు నాలుగో వంతు మందికి జబ్బు రక్తనాళాల వల్లే వచ్చిందని తేలింది. బీపీ, షుగర్, పొగాకు, చెడు కొవ్వు కలిసి చేసే నష్టం ఇది. నాలుగూ మన చేతిలో ఉన్నవే.

మన ఇళ్లలో ఈ జబ్బుకు పేరు పెట్టరు. పప్పులో రెండోసారి ఉప్పు వేసిన అవ్వను, పొయ్యి ఆర్పడం మరిచిన అవ్వను "ముసల్తనం గదా" అని సర్దుకుంటారు. నిన్న కట్టిన చీర కోడలు దాచేసిందని ఆమె గొడవకు దిగితే ఇంట్లో మాటలు పెరుగుతాయి. తెలిసిన వీధిలోనే దారి తప్పిన రోజున ఆటో మాట్లాడుకుని ఆసుపత్రికి బయలుదేరతారు. అప్పటికి చేయగలిగింది చాలా తక్కువ. దేశంలో అరవై దాటినవారిలో 7.4 శాతం మందికి, అంటే 88 లక్షల మందికి డిమెన్షియా ఉందని 2023లో వెలువడిన జాతీయ అధ్యయనం అంచనా వేసింది. పట్నాల కంటే పల్లెల్లో, మగవారి కంటే ఆడవారిలో ఎక్కువ. చదువు లేనివారిపై దెబ్బ మరీ గట్టిది. దేశంలోని పిల్లల చేతికి పలకలు అందించిన మార్కాపురంలో, ఆ పలకల పనిలోనే బాల్యం గడిచి బడి ముఖం చూడనివారు ఎందరో ఉన్నారు. వాళ్లకిప్పుడు వయసు మీద పడుతోంది. అందుకే ఈ ప్రాంతం ముందు వరసలో ఉండాలంటున్నాం.

ఒక అభ్యంతరం వినిపిస్తుంది. కొవ్వు తగ్గించే స్టాటిన్ మాత్రలు డిమెన్షియాను ఆపుతాయని రుజువైందా? పెద్ద ప్రయోగాల్లో రుజువు కాలేదు. 2002లో ఫలితాలు వెలువడిన రెండు ప్రయోగాల్లో మాత్ర వాడినవారికీ, వాడనివారికీ జ్ఞాపకశక్తిలో తేడా కనిపించలేదు. అయితే అందులో ఒకటి డెబ్బై దాటినవారి మీద మూడేళ్ల పాటు జరిగింది. రెండోది ఐదేళ్లు సాగింది. ఇరవై ఏళ్ల ముందు మొదలయ్యే నష్టాన్ని తూచడానికి ఆ గడువు చాలదు. పైగా గుండెపోటును, పక్షవాతాన్ని ఈ మాత్రలు తగ్గిస్తాయన్నది తిరుగులేని విషయం. పక్షవాతం తగ్గితే, దాని వెంట వచ్చే మతి దెబ్బ కూడా తగ్గుతుంది. అంత మేలు చాలు, పరీక్ష మొదలుపెట్టడానికి. మాత్ర వేసుకుంటే మతి పోతుందన్న పుకారు నమ్మి మధ్యలో మానేయడం ప్రమాదకరం. అనుమానం ఉంటే డాక్టర్‌ను అడగండి, మాత్ర మాత్రం ఆపకండి.

మన దేశంలో పెద్దవాళ్లు ఐదుగురిలో ఒకరికి ఎల్‌డీఎల్ హద్దు దాటి ఉందని 2023లో ఐసీఎంఆర్ అధ్యయనం చెప్పింది. మన పల్లెల్లో వాళ్లెవరో కనిపెట్టే ఏర్పాటు లేదు. ఇంటింటి సర్వేకు వచ్చే ఏఎన్‌ఎం సంచిలో బీపీ మిషన్ ఉంటుంది, వేలి చివర పొడిచి షుగర్ చూసే గ్లూకోమీటర్ ఉంటుంది. నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ల గురించి అడిగి రాసుకుంటుంది. అందరికీ కొవ్వు చూడడం ఆ కార్యక్రమంలోనే లేదు. లిపిడ్ ప్రొఫైల్ అనే ఈ కొవ్వు పరీక్ష కావాలంటే కొమరోలు, అర్ధవీడు మనిషి పని మానుకుని గిద్దలూరో, కంభమో, మార్కాపురమో రావాలి. ఒంట్లో నొప్పి లేని మనిషి కూలి పోగొట్టుకుని ఆ పరీక్షకు రాడు. తప్పు అతనిది కాదు.

మందుకు కొదవ లేదు. అటోర్వాస్టాటిన్ అనే స్టాటిన్ మాత్ర జాతీయ అత్యవసర మందుల జాబితాలో ఉంది, జనరిక్‌లో చవక. 2006లోనే హైదరాబాద్ మందుల కంపెనీ డాక్టర్ రెడ్డీస్ ఇదే రకానికి చెందిన జనరిక్ సింవాస్టాటిన్‌ను అమెరికా మార్కెట్‌లో అమ్మింది. హైదరాబాద్ కంపెనీ అమెరికాలో అమ్మగలిగిన మందు దోర్నాల కొండ కింద చెంచు గూడేనికి చేరలేదంటే, లోపం ప్రభుత్వ యంత్రాంగానిదే.

మార్కాపురం మెడికల్ కాలేజీని ప్రభుత్వమే నడపాలా, ప్రైవేటు భాగస్వామ్యానికి ఇవ్వాలా అన్న వాదన ఎలా తేలినా, ఈ పని దాని కోసం ఆగనక్కర్లేదు. ఏఎన్‌ఎం సర్వేలో కొవ్వు పరీక్ష గడి చేర్చాలి. రక్తం నమూనా ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి చేరే బాధ్యత ఆరోగ్య శాఖ తీసుకోవాలి. ఎల్‌డీఎల్ 190 దాటినవారిని, షుగర్ ఉన్నవారిని, ఒకసారి పక్షవాతం వచ్చినవారిని ముందు పట్టుకుని, డాక్టర్ చూసి రాసిన మాత్ర నెలనెలా గ్రామ క్లినిక్‌లోనే ఇవ్వాలి. మార్కాపురం ప్రభుత్వ ఆసుపత్రిలో వారానికి ఒక రోజైనా మతిమరుపు ఓపీ నడవాలి. ఒంగోలుకో, గుంటూరుకో ముసలివాళ్లను బస్సెక్కించే అవస్థ తప్పాలి. వచ్చే విడత సర్వే బృందాలు ఊళ్లలో అడుగుపెట్టే లోపే దీనిపై ఉత్తర్వు రావాలి.