నరం దొరకలేదంటే సరిపోతుందా?

పెద్దాసుపత్రి వార్డులో ‘నరం దొరకడం లేదు’ అన్న మాట వినని వారు అరుదు. ఒక చేతికి మూడుచోట్ల గుచ్చి, రెండో చెయ్యి పట్టుకుంటారు. క్యాన్యులా పెట్టాక, ఎప్పుడు పెట్టారో ప్లాస్టర్ మీద రాయరు. మర్నాటికి చెయ్యి వాచి ఎర్రబడినా, సెలైన్ చుక్కలు పడుతున్నాయి కదా అని ఊరుకుంటారు. ఇంత సున్నితమైన పని ఆ పూట ఎవరికి తీరిక చిక్కితే వారిది. తరచూ శిక్షణలో ఉన్న విద్యార్థినిది. ఈ పనికి ప్రత్యేక నర్సుల బృందం ఉండాలన్న స్పృహే మన ఆసుపత్రుల్లో కొరవడింది.

ఆలోచన కొత్తది కాదు. అమెరికాలోని మసాచుసెట్స్ జనరల్ ఆసుపత్రి 1940లోనే అడా ప్లమర్ అనే నర్సుకు ఈ బాధ్యతను ప్రత్యేకంగా అప్పగించింది. క్యాథెటర్ ఇన్ఫెక్షన్లను, వాటివల్ల పెరిగే ఖర్చును తగ్గించడంలో ఇలా నరంలోకి మందులెక్కించే పనికే ప్రత్యేకించిన ‘ఐవీ బృందాల’ ప్రయోజనం నిస్సందేహమని ఆ దేశపు వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ 2011 మార్గదర్శకాలు తేల్చాయి. అక్కడి మిషిగన్ రాష్ట్ర ఐసీయూల్లో చేతుల శుభ్రత, చర్మానికి క్లోర్‌హెక్సిడిన్, సెంట్రల్ లైన్ (పెద్ద నరంలోకి వేసే గొట్టం) వేసేటప్పుడు పూర్తి రక్షణ వస్త్రాలు, వీలైనంతవరకు తొడ నరం జోలికి పోకపోవడం, అక్కర తీరిన లైన్‌ను తీసేయడం అనే అయిదు నియమాలను పట్టుదలగా అమలు చేశారు. సెంట్రల్ లైన్ల ద్వారా రక్తానికి సోకే ఇన్ఫెక్షన్లు 66 శాతం వరకు తగ్గాయని 2006లో ప్రకటించారు. అందుకు కోట్ల రూపాయల యంత్రాలేవీ అవసరం కాలేదు.

యంత్రాల కొనుగోలుకు చకచకా కదిలే ఫైలు నర్సుల నియామకం దగ్గర ఏళ్లతరబడి ఎందుకు నిలిచిపోతోంది? బోధనాసుపత్రిలో ముగ్గురు రోగులకు ఒక నర్సు ఉండాలన్నది భారతీయ నర్సింగ్ మండలి ప్రమాణం. దాన్ని గాలికొదిలి, వార్డు మొత్తాన్ని ఒక్క సిస్టర్ మీద పడేసి, తేడా వస్తే ఆమెకే మెమో ఇవ్వడం అన్యాయం. నష్టం వాచిన చేతితో ఆగదు. డాక్సోరూబిసిన్ వంటి క్యాన్సర్ మందు నరం దాటి కారితే చుట్టూ కండ చచ్చిపోతుంది. రక్తంలో ఇన్ఫెక్షన్ చేరితే ఆసుపత్రి వాసం దీర్ఘమై, యాంటీబయాటిక్‌లు పెరుగుతాయి. అవి లొంగదీయలేని సూక్ష్మక్రిములు పక్క మంచానికీ పాకుతాయి. కూలి మానుకొని తోడున్న కుటుంబం అప్పులపాలవుతుంది.

ప్రత్యేక బృందం వస్తే వార్డు నర్సుల చెయ్యి మొద్దుబారుతుందన్న అభ్యంతరం కొట్టిపారేయదగింది కాదు. అయితే ఆ బృందం కష్టమైన నరాలు చూడటంతోపాటు రోజూ లైన్లను తనిఖీ చేసి, తోటివారికి నేర్పితే వారి నైపుణ్యమూ పెరుగుతుంది. బడ్జెట్ లేదన్న సాకు అంతకంటే బలహీనం. నివారించదగిన ఇన్ఫెక్షన్‌కు చేసే వైద్యం ఖర్చు కూడా ప్రజాధనమే.

ఈ హానిని ‘మామూలే’ అని సరిపెట్టుకునే అలవాటు అన్నింటికన్నా ప్రమాదకరం. నమోదు కాని గాయానికి బాధ్యులుండరు. బాధ్యులు లేనిచోట దిద్దుబాటూ ఉండదు. సూది దగ్గర చెల్లిన ఈ ఉదాసీనత రేపు రక్తమార్పిడి దగ్గరా, ప్రసూతి గదిలోనూ చెల్లుతుంది. రెండు తెలుగు రాష్ట్రాలూ ముందుగా బోధనాసుపత్రుల్లో ఐవీ బృందాలను నియమించాలి. ఒక్కొక్కరు రెండు ప్రయత్నాలకు మించి గుచ్చరాదన్న నియమం పెట్టి, లైన్ ఇన్ఫెక్షన్ల లెక్కను ఏటా ప్రజల ముందుంచాలి. ప్రైవేటు ఆసుపత్రుల అనుమతుల పునరుద్ధరణకూ అదే షరతు కావాలి. ఇంతటి చవకైన రక్షణను తెలిసీ అందించకపోవడాన్ని వనరుల కొరత అనలేం. అది కర్తవ్య ద్రోహం.