గుర్తింపు ఒకరిది, ఓట్లు ఒకరివి

పొత్తుల్లో వింతలకు కొదవుండదు. అయినా పశ్చిమాఫ్రికాలోని మౌరిటేనియాలో 2018లో కుదిరిన పొత్తు అక్కడి రాజకీయ పండితులను కూడా విస్తుపోయేలా చేసింది. ఒకవైపు, ఇరాక్ బాత్ పార్టీ భావజాలం నుంచి పుట్టుకొచ్చిన అరబ్ జాతీయవాద పార్టీ సవాబ్. మరోవైపు, అరబ్-బెర్బర్ వర్గాల ఆధిపత్యాన్ని ఎండగడుతూ జైళ్లకు వెళ్లివచ్చిన బానిసత్వ వ్యతిరేక ఉద్యమనేత బిరామ్ దా అబీద్.

ఇద్దరికీ అవసరమే. 2004లో ఏర్పడిన సవాబ్‌కు ప్రభుత్వ గుర్తింపు ఉంది, ఓట్లే అంతంత మాత్రం. హరాతిన్ కుటుంబంలో పుట్టిన బిరామ్ వెంట జనం ఉన్నారు, ఆయన పార్టీకి గుర్తింపు దక్కలేదు. 2014 అధ్యక్ష ఎన్నికల్లో ఆయనకు దాదాపు 9 శాతం ఓట్లొచ్చాయి. పార్లమెంటుకు వెళ్లాలంటే మాత్రం ఎవరో ఒకరి జాబితాలో చేరాల్సిందే. సవాబ్ తలుపు తీసింది. 2018 ఆగస్టులో అరెస్టయిన బిరామ్, జైల్లో ఉండగానే సెప్టెంబర్‌లో ఎంపీగా గెలిచారు.

ఈ పొత్తు ఎందుకంత విడ్డూరమో తెలియాలంటే చరిత్రలోకి వెళ్లాలి. 1960లో ఫ్రాన్స్ నుంచి స్వాతంత్ర్యం పొందిన ఈ ఎడారి దేశం 1973లో అరబ్ లీగ్‌లో చేరింది. పాలనలో, పాఠశాలల్లో అరబ్బీకి పెద్దపీట వేసే ప్రయత్నాలు దక్షిణాన ఫులానీ, సొనింకె, వొలోఫ్ వర్గాలను కలవరపెట్టాయి. 1989లో సెనెగల్‌తో ఘర్షణ చెలరేగినప్పుడు వేలాది మంది నల్లజాతి పౌరులను ప్రభుత్వం సరిహద్దు దాటించింది. ఆ గాయం ఇంకా మానలేదు. అరబ్ జాతీయవాదమంటే వారికి ముందుగా గుర్తొచ్చేవి ఆ రోజులే.

బానిసల వారసులైన హరాతిన్‌ల పరిస్థితి వేరు. చర్మం రంగు నలుపు, మాతృభాష మాత్రం యజమానుల హసానియా అరబ్బీయే. భాష ఒకటే కనుక వారూ అరబ్బులేనన్నది అరబ్ జాతీయవాదుల వాదన. అరబ్బులే అయితే తరతరాలుగా తమవారిని బానిసలుగా ఎందుకుంచారన్నది హరాతిన్ ఉద్యమకారుల ప్రశ్న. 1981లో బానిసత్వాన్ని రద్దు చేసినా, అది శిక్షార్హమైన నేరం కావడానికి 2007 దాకా ఆగాల్సి వచ్చింది. 2015 చట్టం శిక్షలు పెంచింది. భూమి, చదువు, కొలువుల విషయంలో మాత్రం వివక్ష తొలగిపోలేదు.

ఫలితాలు చూస్తే పొత్తు గిట్టుబాటైనట్టే. 2019 అధ్యక్ష ఎన్నికల్లో బిరామ్ 18 శాతానికి పైగా ఓట్లతో రెండో స్థానంలో నిలిచారు. 2024లో అది 22 శాతం దాటింది. 56 శాతం తెచ్చుకున్న అధ్యక్షుడు గజ్వానీకి ఆయనే ప్రధాన ప్రత్యర్థి. సొంత బలంతో ఊహించలేని ప్రాధాన్యం సవాబ్‌కు దక్కింది.

దీన్ని అవకాశవాదమని కొట్టిపారేయడం తేలిక. కానీ జనబలమున్న ఉద్యమానికి గుర్తింపు నిరాకరిస్తే అది ఆగిపోదు, మరో బోర్డు వెతుక్కుంటుంది. ఇక తేలాల్సింది సవాబ్ సంగతే. హరాతిన్‌లను అరబ్బులని పిలవడం సులువు. వారికి అరబ్బులతో సమానంగా భూమి, అధికారం పంచాలన్నప్పుడే ఆ పార్టీ జాతీయవాదానికి అసలు పరీక్ష.