అడవి వదిలి వచ్చినవారు

చర్ల మండలం దాటితే ఛత్తీస్‌గఢ్ అడవి. అక్కడి నుంచి వచ్చి లొంగిపోతున్న మావోయిస్టుల్లో ఎక్కువమంది ఆదివాసీ యువతీయువకులే. భద్రాద్రి కొత్తగూడెం పోలీసులు ‘ఆపరేషన్ చేయూత’ పేరుతో వాళ్లను పిలుస్తున్నారు. తలపై ప్రకటించిన రివార్డునే పునరావాసానికి ఇస్తున్నారు. 2025 అక్టోబరులో మావోయిస్టు అగ్రనేత మల్లోజుల వేణుగోపాలరావు కూడా గడ్చిరోలిలో 60 మందితో ఆయుధాలు అప్పగించారు.

వీరి పాత కేసుల మాటేమిటి?

ఒకప్పుడు నక్సలైట్ దళంలో తిరిగిన సీతక్క బయటికొచ్చి, లా చదివి, 2023లో తెలంగాణ మంత్రి అయ్యారు. దారి తెరిస్తే మనిషి ఎంత దూరం నడవగలడో ఆమెను చూస్తే తెలుస్తుంది. కాబట్టి దళంలో ఉన్నందుకే పెట్టిన కేసులు ఎత్తేయాలి. చిన్న వయసులో తుపాకీ పట్టిన పిల్లనూ, దాడికి పథకం వేసిన నాయకుణ్నీ ఒకే గాటన కట్టడం అన్యాయం.

అయితే పోలీసు ఇన్‌ఫార్మర్లన్న ముద్రతో మావోయిస్టులు చంపేసిన వాళ్ల ఇళ్లూ ఈ ఏజెన్సీలోనే ఉన్నాయి. 2019 జూలైలో చర్ల మండలంలో ఒక స్థానిక నాయకుణ్ని ఇంటి నుంచి ఎత్తుకెళ్లి చంపారు. ఆ కుటుంబాల గోడు వినకుండా కలెక్టరేట్‌లో క్షమాభిక్ష రాసేయడం మాకు సమ్మతం కాదు. హత్య కేసులు కోర్టులోనే తేలాలి. మారిన మనిషికి శిక్షలో దయ చూపాలి. లొంగిపోయినవారికి చెక్కు ఇచ్చే రోజునే, చనిపోయినవారి కుటుంబాలకు రావలసిన పరిహారమూ చేతికందించాలని ప్రభుత్వాన్ని కోరుతున్నాం.