అనుభవం ఎవరి సొత్తు?

'అనుభవం ఉన్నవారికే ఉద్యోగం.' ఈ షరతు ఎవరిని బయట నిలబెడుతోంది? ఆరేళ్లు మా పొదుపు సంఘం లెక్కలు రాశాను, బ్యాంకు అప్పు తెచ్చాను, కంతులు కట్టించాను. జీతం లేని పని గనుక అది అనుభవం కాదట! ఈ లెక్క కొత్తది కాదు. 1975లో ఐ.సి.డి.ఎస్. మొదలైనప్పటి నుంచీ అంగన్‌వాడీ మహిళ 'గౌరవ' కార్యకర్తే. నియామకాల్లో స్త్రీలపై వివక్ష కూడదని 1976 సమాన వేతన చట్టం చెప్పింది, 2019 వేతనాల కోడూ చెప్పింది. అయినా 'అనుభవం' పేరుతో వివక్ష దొడ్డిదారిన వస్తూనే ఉంది. హక్కుల గురించి మాట్లాడే మన సంస్థలనే ముందు అడుగుతున్నాను: వాలంటీర్లుగా వాడుకున్న ఏళ్లకు సర్టిఫికెట్ ఇవ్వండి. ఏళ్లు లెక్కపెట్టడం మాని పని చేయించి చూడండి. నేర్చుకునే కాలానికీ జీతమివ్వండి. అనుభవం ఎవరికి లేదో ఆ తర్వాత మాట్లాడుకుందాం!